సూక్ష్మచిత్రాలు – బహిరంగ రూపాలు

నూజివీడు ప్రాంతంలోని చాట్రాయి మామిడితోటలకు నెలవు. మామిడాకులపై మచ్చలు పుట్టించే శిలీంధ్రాన్ని శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో చిత్రిస్తారు. పెద్ద పరిశోధనలలో ఇటువంటి చిత్రాలు వందల గిగాబైట్లకు చేరుతాయి. సూక్ష్మదర్శిని తయారీదారులు సాధారణంగా వాటిని తమ సొంత రూపాలలో భద్రపరుస్తారు. తగిన సాఫ్ట్‌వేర్ లేనివారికి అవి తాళం వేసిన పెట్టెలే.

ఈ తాళం తీయడానికి 'బయో-ఫార్మాట్స్' అనే ఉచిత సాధనం ఉంది. అది 150కి పైగా రూపాలను చదివి, 'ఓఎంఈ-టిఫ్' అనే బహిరంగ రూపంలోకి మార్చగలదు. 2021లో శాస్త్రలోకానికి పరిచయమైన 'ఓఎంఈ-జార్' రూపం చిత్రాన్ని చిన్న ఖండాలుగా విభజిస్తుంది. అందువల్ల అంతర్జాలం నుండి కావలసిన ఖండాన్ని మాత్రమే తెచ్చుకోవచ్చు.

అయితే రూపం మారినా కొలమానం, తేదీ వంటి వివరాలు చెదరరాదు. కొలత తెలియని చిత్రం కంటికి ఇంపైనా శాస్త్రానికి సాక్ష్యం కాదు. ఆ వివరాలు నిలిచినప్పుడే చాట్రాయి ఆకుమచ్చను మరో దేశపు పరిశోధకుడు సైతం కొలిచి సరిచూడగలడు.