అంబాసిడర్‌కు హెడర్లా? ముందు ఇవి తెలుసుకోండి

ఉత్పత్తి నిలిచిపోయి పదేళ్లు దాటినా అంబాసిడర్‌పై మమకారం తగ్గలేదు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపరా కర్మాగారంలో 1958లో మొదలైన ఈ కార్ల తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. నాటి కార్లను కాపాడుకుంటున్నవారిలో కొందరు ఇంజిను శక్తి పెరుగుతుందన్న ఆశతో పోత ఇనుప ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను తొలగించి ఉక్కు గొట్టాల ‘హెడర్ల’ను అమర్చుకుంటున్నారు. బిగింపులో లోపముంటే లాభం మాట అటుంచి, కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరి ప్రాణాలకే ముప్పు ఏర్పడుతుంది. చట్టపరమైన చిక్కులూ ఎదురవుతాయి.

హెడర్లు చేసే పని

సిలిండర్లలో మండిన వాయువులు మానిఫోల్డ్ ద్వారా సైలెన్సర్‌కు చేరుతాయి. పోత ఇనుప మానిఫోల్డ్‌లో దారులు పొట్టిగా ఉండటంతో ఒక సిలిండర్ వాయువులు మరోదాని ప్రవాహానికి అడ్డు తగులుతాయి. హెడర్లలో గొట్టాలు విడివిడిగా కొంతదూరం సాగి ఆ తర్వాత కలుస్తాయి. వేగంగా వెళ్లే వాయువులు వెనుక ఉన్నవాటిని కూడా లాగుకుపోతాయి. ఈ ప్రయోజనం ఎక్కువ వేగంలోనే కనిపిస్తుంది. ఇరుకైన పాత సైలెన్సర్‌ను అలాగే ఉంచితే అదీ అంతంతమాత్రమే.

నాలుగు సిలిండర్లు.. మూడు దారులు

పాత అంబాసిడర్లలోని 1,489 సీసీ బీఎంసీ ‘బి’ శ్రేణి ఇంజినుకు నాలుగు సిలిండర్లున్నా, పొగ వెలుపలికి వచ్చే దారులు మూడే. మధ్యనున్న 2, 3 సిలిండర్లకు దారి ఒక్కటే. కనుక హెడర్‌కూ మూడు గొట్టాలే ఉండాలి. ఇసుజు 1.8 లీటర్ల ఇంజిను నిర్మాణం వేరు. ఒకదాని హెడర్ మరోదానికి సరిపోదు.

‘బి’ శ్రేణి ఇంజినులో పెట్రోలు మిశ్రమం లోపలికి వెళ్లే మానిఫోల్డ్, పొగ వెలుపలికి వచ్చే మానిఫోల్డ్ ఒకే పక్కన ఉంటాయి. కొన్ని స్టడ్లు రెండింటినీ కలిపి పట్టి ఉంచుతాయి. కొత్త హెడర్ అంచు మందం, రెండో మానిఫోల్డ్ అంచు మందం సమానంగా లేకుంటే వాషర్ ఒకవైపే నొక్కుతుంది. రెండోవైపు సందు మిగులుతుంది. ఈ కార్లలో లీకేజీకి ఇదో ముఖ్య కారణం.

బిగింపులో జాగ్రత్తలు

ఇంజిను పూర్తిగా చల్లారాక బ్యాటరీ తీగ విప్పాలి. తుప్పు పట్టిన స్టడ్లకు ముందురోజే తుప్పు వదిలించే నూనె పట్టించాలి. బలవంతంగా తిప్పితే స్టడ్ సిలిండర్ హెడ్‌లోనే విరిగిపోతుంది. దాన్ని తీయడం ఖర్చుతో కూడిన పని. పాత ప్యాకింగ్‌ను పూర్తిగా గీకి, అంచు వంకర పోలేదని స్కేలుతో సరిచూసి, కొత్త ప్యాకింగ్ వేయాలి. నట్లను మధ్య నుంచి మొదలుపెట్టి చివరల వైపు విడతలవారీగా బిగించాలి. ఇంజిను ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగింపు చూడాలి. పెట్రోలు పైపులు, తీగలు హెడర్‌కు దూరంగా ఉండాలి.

ప్రవాహం మారితే కార్బ్యురేటర్‌లో పెట్రోలు, గాలి పాళ్లను తిరిగి సరిచేయాలి. పెట్రోలు తగ్గితే ఇంజిను వేడెక్కుతుంది.

రంగూ వాసనా లేని ముప్పు

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. ఇంజిను గదికి, కూర్చునే చోటుకు మధ్యనున్న రేకులోని రంధ్రాల రబ్బర్లు పాత కార్లలో అరిగిపోయి ఉంటాయి. లీకైన వాయువు అక్కడి నుంచే లోపలికి చొరబడుతుంది. ప్రయాణంలో తలనొప్పి, మగత, వికారం కలిగితే వెంటనే కారు ఆపి బయటికి రావాలి. మూసిన షెడ్డులో ఇంజినును నడపరాదు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఎ(4) ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పునకు రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరితే 190(2) కింద తొలి నేరానికి రూ.10,000 వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలుశిక్షకు అవకాశముంది. సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆపై పునరుద్ధరణకు వెళ్లినప్పుడు ఈ మార్పులు అడ్డంకి కావచ్చు. అందుకే కొనుగోలుకు ముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవాలి.

కారులో చురుకుదనం తగ్గిందనిపిస్తే ముందుగా ట్యాపెట్ల సందు, ప్లగ్గులు, ఇగ్నిషన్ టైమింగ్, కార్బ్యురేటర్‌లను సరిచూపించుకోవడం మేలు. మానిఫోల్డ్ పగిలితే అదే రకం పోత ఇనుప విడిభాగం వేయించుకుంటే ఖర్చూ తగ్గుతుంది, చిక్కులూ ఉండవు.