బొగ్గులో దొరకని పరమాణువు

గోదావరిఖని బాయిలోంచి పిడికెడు బొగ్గు తెచ్చి ఎంత గొప్ప యంత్రంలో పెట్టినా కార్బన్-14 అనే పరమాణువు జాడ దొరకదు. పచ్చని చెట్టులో, మనిషి పంటిలో, నిన్న కోసిన వరిగడ్డిలో అది ఉంటుంది, లక్ష కోట్ల కార్బన్ పరమాణువులకు ఒకటి చొప్పున. ప్రాణం పోయాక కొత్తది చేరదు. ఉన్నది 5730 ఏళ్లకోసారి సగమవుతుంది. 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. మన బొగ్గు వయసేమో 25 కోట్ల ఏళ్ల పైమాటే.

రామగుండం ఎన్టీపీసీ పాత స్టేషన్ సామర్థ్యం 2600 మెగావాట్లు. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీస్తే సుమారు కిలో బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అంటే పూర్తి లోడుతో గంట నడిస్తే దాదాపు 2600 టన్నులు. కర్బన పాదముద్రను మామూలుగా ఇలాగే కడతారు: కాల్చిన బొగ్గు ఎంత, అందులో కార్బన్ ఎంత అని రికార్డులు చూసి. ఆ రికార్డు నిజమో కాదో, కార్బన్-14ను లెక్కపెట్టి గాలినే అడిగి తేల్చగల యంత్రం ఒకటుంది.

దాని తొలి రూపాన్ని షికాగోలో విల్లార్డ్ లిబీ తయారుచేశాడు. 1949 నాటికి అది పాత చెక్కల వయసు చెప్పింది. నమూనాను శుద్ధమైన మసిగా మార్చి, రేడియోధార్మికతను లెక్కించే గైగర్ కౌంటర్ గొట్టం లోపలి గోడకు పూసేవాళ్లు. ఆకాశం నుంచి దూసుకొచ్చే కిరణాలు లెక్క చెడగొట్టకుండా చుట్టూ మందపాటి ఉక్కు గోడ, కాపలాగా మరికొన్ని గైగర్ కౌంటర్లు. లిబీకి 1960లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈలోగా 1955లో హాన్స్ సూస్ ఓ సంగతి బయటపెట్టాడు: కొత్త చెట్ల కలపలో కార్బన్-14 ఉండాల్సినంత లేదు. ఫ్యాక్టరీల పొగలోని పురాతన కార్బన్ గాలిలో కలిసి పల్చన చేసింది. బొగ్గు పొగ మీద మొదటి సాక్ష్యం చెట్టే చెప్పింది.

లిబీ పద్ధతికి గ్రాముల కొద్దీ కార్బన్ కావాలి. 1977లో వచ్చిన యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమీటర్‌కు మిల్లీగ్రాము చాలు. నమూనాను కాల్చి, వచ్చిన వాయువును గ్రాఫైట్‌గా మార్చి, చిన్న లోహపు గుంటలో దట్టిస్తారు. సీజియం అయాన్లతో దాన్ని కొడితే రుణావేశం ఉన్న కార్బన్ ఎగిరి బయటికొస్తుంది. అసలు చిక్కు నైట్రోజన్‌తో. దాని బరువు కూడా 14 కాబట్టి తేడా కనిపెట్టడం కష్టం. కానీ నైట్రోజన్‌కు రుణ అయాన్‌గా నిలిచే గుణం లేదు, గుమ్మంలోనే రాలిపోతుంది. ఈ యంత్రంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఇదే. తర్వాత అదే 14 బరువుతో కార్బన్-14లా వేషం వేసుకున్న అణువులు లక్షల వోల్టుల తోపుకు చీలిపోతాయి. అయస్కాంతాలు దారులు వేరుచేస్తాయి. డిటెక్టర్ మిగిలిన పరమాణువులను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. యంత్రం శుభ్రంగా ఉందో లేదో చూడ్డానికి తరచు బొగ్గునే పెట్టి చూస్తారు: సున్నాకు దగ్గరగా రావాలి.

నేర పరిశోధకులు దీన్ని వదల్లేదు. అణుబాంబు పరీక్షల వల్ల 1960లలో గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపై, ఆపైన తగ్గుతూ వచ్చింది. పంటి ఎనామిల్ తాను ఏర్పడిన ఏటి గాలిని దాచుకుంటుంది గనుక, గుర్తు తెలియని మృతుడు పుట్టిన ఏడాదిని ఏడాదిన్నర తేడాతో చెప్పొచ్చని 2005లో స్వీడన్ పరిశోధకులు చూపారు. పట్టుబడ్డ ఏనుగు దంతాలు పాతవన్న వ్యాపారుల మాటనూ ఇదే తేల్చింది: 2016 నాటి అధ్యయనంలో చాలా దంతాలు పట్టుబడే ముందు మూడేళ్లలోపు చంపిన ఏనుగులవి.

దీనికీ ఓ పరిమితి ఉంది. రామగుండంలో ఎరువుల కర్మాగారం ఇప్పుడు సహజవాయువుతో నడుస్తోంది. ఆ వాయువులోనూ కార్బన్-14 లేదు, కాబట్టి దాని పొగనూ బొగ్గు పొగనూ ఈ లెక్క వేరుచేయలేదు. అక్కడ కార్బన్-13 అనే మరో రకం కార్బన్‌ను అడగాలి, అది బొగ్గులో కన్నా సహజవాయువులో తక్కువ. రెండు కొలతలూ కలిస్తేనే పొగకు చిరునామా దొరుకుతుంది.

థర్మల్ కేంద్రాలు బొగ్గులో 5 శాతం పంటవ్యర్థాల గుళికలు కలపాలని 2021లో కేంద్ర విద్యుత్ శాఖ ఆదేశించింది. ఎంత కలిపారో రిజిస్టర్లు చెబుతాయి. గోదావరి ఒడ్డున ఈ పొగ పీల్చేవాళ్లకు అంతకన్నా గట్టి రుజువు అడిగే హక్కుందని నా నమ్మకం. చిమ్నీ వాయువును సీసాలో పట్టి ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ లాంటి చోటికి పంపొచ్చు. మంట కోసం లోపలికి పంపిన గాలిలోని కాస్త వాయువును తీసేశాక, అందులో కార్బన్-14 పచ్చిగడ్డిలో ఉన్నదాంట్లో ఇరవయ్యో వంతు కనిపిస్తే, బాయిలర్‌లో కాలిన కార్బన్‌లో 5 శాతం పొలం నుంచి వచ్చినదే. ఏమీ కనిపించకపోతే కాలిందంతా బొగ్గే.