విమానంలో హైడ్రాలిక్స్ ఫెయిలైతే రడ్డర్ ఏమవుతుంది? తిరుపతి పొలంలో దిగిన విమానం గుర్తుందా?

పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగే లారీ డ్రైవర్లకు బ్రేక్ ఫెయిలైతే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. మరి అలాంటి పరిస్థితే గాల్లో విమానానికి వస్తే?

ఈ ప్రాంతం వాళ్లకు 1993 నవంబర్ 15 గుర్తుండే ఉంటుంది. మద్రాసు నుంచి హైదరాబాద్ వెళ్లిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ300, అక్కడ సరిగా కనిపించక దిగలేకపోయింది. మళ్లీ పైకి లేచేటప్పుడు రెక్కల ఫ్లాప్స్ ఇరుక్కుపోయాయి. అవి అలాగే తెరుచుకుని ఉండటంతో గాలి అడ్డుపడి ఇంధనం ఎక్కువ ఖర్చయింది. మద్రాసు దాకా రాలేక తిరుపతి దగ్గర వరి పొలంలో దించేశారు. చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి సహా 262 మందీ బతికి బయటపడ్డారు.

ఆ రోజు మొరాయించింది ఫ్లాప్స్. అదే తోక మీద నిలువుగా ఉండే రడ్డర్ అయితే కథ వేరేగా ఉండేది. విమానం ముక్కును కుడి ఎడమలకు తిప్పేది అదే.

పాత జెట్లలో పైలట్ పెడల్ తొక్కితే, ఉక్కు కేబుళ్లు ఆ కదలికను తోక దాకా తీసుకెళ్తాయి. అక్కడ వాల్వ్ తెరుచుకుని, చదరపు అంగుళానికి సుమారు 3,000 పౌండ్ల ఒత్తిడితో ఉన్న ఆయిల్ రడ్డర్‌ను నెడుతుంది. జేసీబీ తొండాన్ని లేపేదీ ఇలాంటి ఆయిలే. అంటే పెడల్ చెప్పేది మాట మాత్రమే, బలమంతా ఆయిల్‌ది. బోయింగ్ 737లో ఆయిల్ పోయినా మిగతా కంట్రోల్స్‌ను కండబలంతో లాగొచ్చు. రడ్డర్‌ను మాత్రం లాగలేరు. అందుకే దానికి విడిగా స్టాండ్‌బై ఆయిల్ లైన్ పెట్టారు. ఏ300కి మూడు లైన్లు, 747కి నాలుగు.

ఎన్ని లైన్లుంటే ఏం, అన్నీ ఒకే చోట తెగితే? 1985లో జపాన్ ఎయిర్‌లైన్స్ 747కి జరిగిందదే. వెనక గోడ పగిలి తోక ఊడింది, నాలుగు లైన్ల ఆయిలూ కారిపోయింది. దాదాపు అరగంట ఇంజిన్లతోనే నెట్టుకొచ్చినా 520 మంది చనిపోయారు.

ఆయిల్ నిండుగా ఉన్నా ప్రమాదమే ఒక్కోసారి. అమెరికాలో 1991లో, 1994లో కూలిన రెండు 737లలో 157 మంది పోయారు. వాల్వ్ ఇరుక్కుంటే, తొక్కిన వైపు కాకుండా ఎదురు వైపుకు రడ్డర్ తిరగగలదని దర్యాప్తులో తేలింది. తర్వాత ఆ వాల్వ్ డిజైనే మార్పించారు.

రడ్డర్‌తో పాటు మిగతా కంట్రోల్స్ కూడా పనిచేయకపోతే పైలట్‌కు మిగిలేది ఇంజిన్లే. ఎడమ ఇంజిన్‌కు పవర్ పెంచితే ముక్కు కుడికి తిరుగుతుంది. 1989లో మూడు లైన్లూ పోయిన డీసీ-10ను ఇలాగే అమెరికాలోని సూ సిటీ రన్‌వే దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. ఆ తర్వాత డీసీ-10ల తోకలో, పైపు తెగినా ఆయిలంతా కారిపోకుండా ఆపే వాల్వ్ బిగించారు.