అలాంటివాడికి లాయరు కూడానా?

"ఛీ! అలాంటివాడి తరఫున వాదించడానికి లాయర్లకు నోరెలా వస్తుందో!"

ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగిందన్న వార్త పేపర్లో పడ్డ రోజున ఈ మాట అనని ఇల్లాలు ఉండదేమో. బెజవాడ సత్యనారాయణపురంలో విన్నా, అవనిగడ్డ బస్టాండులో విన్నా ఇదే మాట. కోపం వచ్చినందుకు ఎవర్నీ తప్పు పట్టలేం. అయితే నిందితుడికి గట్టి లాయరు దొరక్కపోతే నష్టం అతనొక్కడికేనా? మన విజయవాడ పక్కనే జరిగిన ఒక కేసు చూస్తే, ఆ నష్టం చివరికి ఆడపిల్లను పోగొట్టుకున్న తల్లి దాకా వచ్చిందని తెలుస్తుంది.

2007 డిసెంబర్ 27. ఇబ్రహీంపట్నంలోని ఒక లేడీస్ హాస్టల్‌లో బి.ఫార్మసీ చదువుతున్న ఆయేషా మీరా శవమై కనిపించింది. అత్యాచారం, హత్య. తెనాలి అమ్మాయి. హాస్టల్ నిండా ఆడపిల్లలున్నా ఎవరికీ ఏమీ వినపడలేదన్నారు. 'చిరుత' అన్న పేరుతో ఒక ఉత్తరం దొరికింది. రాష్ట్రమంతా అట్టుడికిపోయింది. ఆడపిల్లల్ని హాస్టళ్ళలో చేర్చిన తల్లిదండ్రులకు కంటి మీద కునుకు లేదు. నెలలు గడుస్తున్నా పోలీసులు దోషిని పట్టుకోలేకపోయారు. ఒత్తిడి పెరిగింది.

2008 ఆగస్టులో పోలీసులు ఒక యువకుణ్ణి చూపించారు. నందిగామ దగ్గర అనాసాగరానికి చెందిన సత్యంబాబు. కూలి చేసుకుని బతికే దళిత కుటుంబం. సెల్‌ఫోన్ దొంగతనం కేసులో దొరికాడనీ, విచారిస్తే ఈ హత్య కూడా తానే చేశానని ఒప్పుకున్నాడనీ చెప్పారు. అతనికి నరాలు దెబ్బతిని కాళ్ళూ చేతులూ చచ్చుబడే గులియన్ బారీ జబ్బు ఉంది. సరిగ్గా నడవలేని మనిషి గోడ దూకి, హాస్టల్లోకి వెళ్ళి, ఇంత పని చేసి ఎవరి కంటా పడకుండా వచ్చేశాడా? మామూలు మనిషికైనా వచ్చే అనుమానమే కదా!

ఈ అనుమానం మొట్టమొదట బయటికి అన్నది ఎవరో తెలుసా? ఆయేషా తల్లిదండ్రులే. "మా అమ్మాయిని చంపింది ఈ అబ్బాయి కాదు, అసలు వాళ్ళను తప్పిస్తున్నారు" అన్నది వాళ్ళు మొదటినుంచీ చెప్పిన మాట. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి నిందితుడి పక్షాన మాట్లాడటం ఎక్కడన్నా విన్నామా? పంతం తీర్చుకోవడం కన్నా నిజం తెలియడమే ఆమెకు ముఖ్యం అనిపించింది. ఆ తల్లికి ఉన్న వివేకం మనలో ఎంతమందికి ఉంటుంది చెప్పండి.

అయినా 2010 సెప్టెంబర్‌లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు సత్యంబాబును దోషిగా తేల్చి యావజ్జీవ శిక్ష వేసింది. చాలామంది 'హమ్మయ్య' అనుకున్నారు. అప్పీలు హైకోర్టుకు వెళ్ళింది. అది తేలడానికి ఆరేళ్ళు దాటింది! 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలిపెట్టింది. నేరం రుజువు కాలేదంది. దర్యాప్తు జరిగిన తీరును తప్పుపట్టి, ఖర్చుల కింద అతనికి లక్ష రూపాయలు ఇమ్మని చెప్పింది. ఏప్రిల్ మొదట్లో రాజమండ్రి సెంట్రల్ జైలు గేటు దాటి బయటికొచ్చాడు. పోయింది ఎనిమిదిన్నరేళ్ళ వయసు. లక్ష రూపాయలు దానికి ఖరీదా!

అసలు దోషి ఎక్కడ?

మనం ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడ. తప్పు మనిషి జైల్లో ఉన్నన్నాళ్ళూ అసలు మనిషి కోసం వెతికేవాళ్ళు ఉండరు. ఫైలు మూసేస్తారు. ఈ కేసులో ఇంకో ఘోరం కూడా జరిగింది. అప్పీలు నడుస్తుండగానే విజయవాడ కోర్టులో వస్తు సాక్ష్యాలు ధ్వంసమయ్యాయని 2018లో బయటపడింది. ఆ ఏడాదే హైకోర్టు మళ్ళీ దర్యాప్తు చెయ్యమని సి.బి.ఐ.కి అప్పగించింది. 2019 డిసెంబర్‌లో తెనాలిలో సమాధి తవ్వి అవశేషాలకు మళ్ళీ పరీక్ష చేశారు. పన్నెండేళ్ళ తర్వాత ఆ తల్లిదండ్రులు అదీ చూడాల్సి వచ్చింది. మొదటి రోజునే సత్యంబాబు పక్కన గట్టి లాయరు నిలబడి, 'ఈ జబ్బు మనిషి గోడ ఎలా ఎక్కాడో చూపించండి' అని స్టేషన్లోనే అడిగి ఉంటే కథ ఇంకో దారిన నడిచేదేమో.

పోలీసుల దగ్గర 'ఒప్పుకున్నాడు' అన్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదని చట్టం బ్రిటిష్ కాలం నుంచీ చెబుతూనే ఉంది. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల్లోనూ ఆ మాట అలాగే ఉంది. లాఠీ కింద ఎవరైనా ఏదైనా ఒప్పుకుంటారని చట్టం రాసినవాళ్ళకు తెలుసు. టీవీలో 'నేరం అంగీకరించిన నిందితుడు' అన్న అక్షరాలు చూసి మనం తీర్పు చెప్పేస్తుంటాం... అంతే తేడా.

లాయర్లు కూడా మనుషులే మరి. జనం కోపం చూసి వాళ్ళ సంఘాలే 'మేం వాదించం' అని తీర్మానాలు చేస్తుంటాయి. 2019లో దిశ ఘటన జరిగినప్పుడు షాద్‌నగర్ లాయర్లు అలాగే అన్నారు. అలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే, తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసులో, స్పష్టంగా చెప్పింది. దిశ కేసులో నిందితులకు లాయరు అవసరమే రాలేదు. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. పోలీసులు కావాలనే చంపారనీ, నలుగురిలో ముగ్గురు మైనర్లనీ అందులో ఉంది. నేరం ఎవరు చేశారో, ఎలా చేశారో కోర్టులో తేలే అవకాశం ఆ తెల్లవారుజామునే పోయింది.

రమీజాబీని మర్చిపోలేం

'డిఫెన్సు లాయరు' అంటే ఆడవాళ్ళకు ఒళ్ళు మండటానికి కారణం లేకపోలేదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషన్‌లో రమీజాబీపై అత్యాచారం, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ మరణం పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. అయినా పోలీసుల తరఫువాళ్ళు ఎంచుకున్న దారి, ఆమె నడవడి మంచిది కాదని నిరూపించడం! కేసు కర్ణాటకలోని రాయచూర్‌కు మారింది. 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు.

దాన్ని నేను న్యాయవాదం అనను. బాధితురాలి గుణగణాలు ఎత్తి చూపడానికి దారి ఇచ్చిన పాత సెక్షన్‌ను 2002 సవరణ చట్టం తీసేసింది. ఆమె నడవడి గురించి అడ్డమైన ప్రశ్నలు వెయ్యకూడదని చేర్చింది. విచారణ మూసిన తలుపుల వెనక జరగాలన్న నియమం 1983 నుంచీ ఉంది. అడిగితే జడ్జి అడ్డుకోవచ్చు, అడ్డుకోవాలి. పరీక్ష నమూనా ఎవరి చేతుల మీదుగా వెళ్ళింది, ఉత్తరంలో చేతిరాత ఎవరిది, ఆ రాత్రి నిందితుడు ఎక్కడున్నాడు... ఇలాంటివి ఎన్ని అడిగినా ఆడదానికి అవమానం లేదు.

కొడుకునో భర్తనో పట్టుకెళ్తే...

ఇలాంటి కేసుల్లో పోలీసు స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగేది చాలాసార్లు తల్లీ, భార్యే. పుస్తెలు తాకట్టు పెట్టి లాయరు ఫీజు కట్టిన వాళ్ళున్నారు. తెలియక చేసే పని అది. జైల్లో లేదా కస్టడీలో ఉన్న మనిషికి ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. దళితులకూ, గిరిజనులకూ, ఆడవాళ్ళకూ ఆదాయంతో పని లేకుండా ఈ సాయం ఉంది. అంటే బాధితురాలికీ ఉంది, నిందితుడి కేసులో చిక్కుకున్న ఆడమనిషికీ ఉంది. కృష్ణా జిల్లా న్యాయసేవాధికార సంస్థ మచిలీపట్నం కోర్టులో ఉంటుంది. మిగతా ఊళ్ళ కోర్టుల్లో మండల కమిటీలు ఉంటాయి. 15100 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు పడదు.

మనిషిని మొదటిసారి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడే 'లాయరు కావాలండీ' అని అడగమని చెప్పండి. దెబ్బలు కొట్టి ఉంటే అదీ అప్పుడే చెప్పాలి. పాత జబ్బు ఏదైనా ఉంటే ఆసుపత్రి చీటీలు, మందుల బిల్లులు, డిశ్చార్జి కాగితం అన్నీ ఒక సంచిలో పెట్టి, ఒక జత జెరాక్సు తీయించి, అసలువి ఇంట్లోనే దాచుకోండి.