స్వామి జ్ఞానానంద

ఎముక విరిగినప్పుడు వైద్యులు ఎక్సు-కిరణములతో దేహము లోపలి భాగమును చూతురు. 1895లో రాంట్‌జెన్ కనుగొనిన ఈ కిరణములు పరమాణువుల మర్మమును కూడ తెలుపును. ప్రతి మూలకమును తనకే చెల్లు ప్రత్యేక కిరణముల నిచ్చును. వానిని కొలిచి శాస్త్రజ్ఞులు దానిని గుర్తింతురు.

ఈ శాస్త్రమున కృషిచేసిన ఆంధ్రులు స్వామి జ్ఞానానంద. వీరు 1896లో, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని గొరగనమూడిలో జన్మించిరి. పూర్వాశ్రమమున వీరి పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. యౌవనముననే ఇల్లు విడిచి, హిమాలయములలో తపస్సు చేసిరి. పిదప ఐరోపాకేగి, ప్రేగు నగరమందలి చార్లెస్ విశ్వవిద్యాలయమున ఎక్సు-కిరణములపై పరిశోధించి డాక్టరు పట్టము నొందిరి.

ఎక్సు-కిరణములలో కొన్ని బలహీనములు. కొంచెము దూరము పోవునంతలో గాలి వానిని మ్రింగివేయును. కావున పరికరమునుండి గాలిని దాదాపు పూర్తిగా తోడివేయవలెను. సూదిమొనయంత రంధ్రమున్నను శ్రమయంతయు వ్యర్థమే. ఈ శూన్యసాధనలో స్వామి ఆరితేరి, 1947లో దానిపై ఆంగ్లమున గ్రంథము ప్రకటించిరి.

1954లో, తమ 58వ యేట, విశాఖపట్టణమందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరి, అచట పరమాణు కేంద్రక పరిశోధనకు పునాది వేసిరి. 1969లో వారు గతించిరి; అచటి పరిశోధనశాల వారి పేరు దాల్చినది. తపస్సునకు వలసిన ఓర్పే ప్రయోగమునకును వలయునని వారి జీవితము చాటుచున్నది.