వంచినా మాట వినని తీగ

కళ్ళజోడు మీద పొరపాటున కూర్చుంటే మామూలు ఫ్రేమ్ అష్టవంకరలు పోతుంది. నైటినాల్ ఫ్రేమ్ అయితే ఏమీ జరగనట్టు మళ్ళీ తిన్నగా అవుతుంది. మన భాషలో చెప్పాలంటే, ‘అన్‌డూ’ ఉన్న లోహం అన్నమాట!

నికెల్, టైటానియం అణువులు దాదాపు సరిసమానంగా కలిసిన మిశ్రమలోహం ఇది. 1960 ప్రాంతంలో అమెరికా నౌకాదళం వారి నేవల్ ఆర్డ్‌నెన్స్ లేబొరేటరీలో విలియం బ్యూలర్ క్షిపణి ముక్కుకి తగిన లోహం కోసం వెతుకుతుంటే తగిలింది. రెండు లోహాల పేర్లకీ ఆ లేబొరేటరీ పొడి అక్షరాలు చేరిస్తే ‘నైటినాల్’ అయింది.

మామూలు ఉక్కు తీగ ఒక శాతం సాగేలోపే శాశ్వతంగా రూపు మారిపోతుంది. నైటినాల్ ఆరు, ఎనిమిది శాతం సాగి కూడా వెనక్కి వస్తుంది. ఎలా? ఉక్కుని బాగా వంచితే అణువుల వరసలు జారి, కొత్త పొరుగువాళ్ళతో కలిసిపోతాయి. ఇక తిరుగుదారి లేదు. నైటినాల్‌లో ఏ అణువూ పొరుగుని వదలదు. ఆస్టెనైట్ అనే అమరిక మొత్తం పక్కకి ఒరిగి మార్టెన్సైట్ అవుతుంది. తగినంత వెచ్చదనం ఉంటే, ఒత్తిడి లేకుండా మార్టెన్సైట్ నిలవలేదు. చెయ్యి తీయగానే పాత అమరిక వచ్చేస్తుంది. ఇదే సూపర్ ఎలాస్టిసిటీ. చల్లగా ఉంటే మాత్రం వంగినది వంగినట్టే ఉండి, వేడి చేశాకే తిరిగొస్తుంది. అది ‘షేప్ మెమరీ’. నికెల్ పాలు ఒక్క శాతం మారినా ఈ మార్పు జరిగే ఉష్ణోగ్రత సుమారు వంద డిగ్రీలు జరుగుతుంది. అందుకే తయారీలో అంత జాగ్రత్త.

పళ్ళ క్లిప్పుల తీగల్లో దీన్ని వాడేది, పన్ను కదులుతున్నా ఒకేలా, మెల్లగా లాగుతుంది కనుక.

నేను దీని గురించి చదవడం మొదలుపెట్టింది మాత్రం, మధుమేహం ఉన్న మా నాన్నగారికి తొడ రక్తనాళంలో స్టెంట్ వెయ్యాలన్నప్పుడు. గుండెకి వేసే స్టెంట్లు ఎక్కువగా కోబాల్ట్-క్రోమియంవి. లోపల బెలూన్ ఊది విప్పుతారు. తొడలో అలాంటిది నలిగితే నలిగినట్టే ఉండిపోతుంది. నైటినాల్ స్టెంట్ గొట్టంలోంచి బయటపడగానే తనంతట తానే విచ్చుకుంటుంది, అడుగడుగుకీ నలిగి మళ్ళీ లేస్తుంది.

అలాగని అక్షయం కాదు. లక్షలసార్లు వంగితే ఇదీ అలిసి విరగవచ్చు. పైనుండే టైటానియం ఆక్సైడ్ పొర నికెల్‌ని చాలావరకు ఆపుతుంది కానీ, నికెల్ పడనివాళ్ళు ముందే డాక్టరుకి చెప్పాలి.

ఇండియాలో అమ్మానాన్నలకి స్టెంట్ వేస్తున్నారంటే ఫోన్లో ఖర్చుతోపాటు, అది ఏ లోహమో, ఏ మోడలో కూడా అడగండి. ఆ కార్డు భద్రంగా దాచమనండి. రేపు ఎమ్మారై తీసేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.