కెప్టెన్ మాజిద్ మాట్లాడిన భాష

బాల్యంలో చూసిన ఒక కథ పెద్దవారమైన తరువాత కూడా మనసును ఎందుకు పట్టి లాగుతుంది? అది కథలోని బలమా, ఆ కథను విన్న భాషలోని బలమా? భాషాబోధన వృత్తిగా గల మాకు రెండవ ప్రశ్నపైననే ఆసక్తి మెండు. ఇందుకు నిదర్శనంగా ఫుట్‌బాల్ పిచ్చి పట్టిన ఒక జపాను బాలుని టెలివిజన్ కథను ఇక్కడ పరిశీలింపదలచినాము. ఆ బాలుని అసలు పేరు ఓజోరా త్సుబాసా. ఇటలీ పిల్లలకు అతడు హాలీ. స్పెయిన్ పిల్లలకు ఆలివర్. ఫ్రాన్సు పిల్లలకు ఆలివ్. అరబ్బు దేశాల పిల్లలకు, వారితోపాటు గల్ఫ్‌లో కొంతకాలం పెరిగిన మన తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లలలో పలువురికి, అతడు కెప్టెన్ మాజిద్.

ఈ కథకు కర్త తకాహాషి యోయిచి. ఆయన 1960లో టోక్యో నగరంలోని కత్సుషికా ప్రాంతంలో జన్మించాడు. 1978లో అర్జెంటీనాలో జరిగిన ప్రపంచ కప్పు పోటీలను టెలివిజన్‌లో చూసి, అంతవరకు తనకు అంతగా పట్టని ఆ ఆటపై మోజు పెంచుకొన్నాడు. 1981లో ఒక ప్రసిద్ధ బాలుర వారపత్రికలో బొమ్మల కథగా ఆరంభించి 1988 వరకు నడిపాడు. 1983 అక్టోబరు మొదలు 1986 మార్చి వరకు 128 భాగాలుగా అది టెలివిజన్‌లో ప్రసారమైంది. గీసిన బొమ్మలే గదా అని దీనిని తేలికగా తీసివేయరాదు. నాటకానికి కావలసిన ఎడబాటు, పంతం, స్నేహం, కన్నీరు అన్నీ ఇందులో నిండుగా ఉన్నవి.

త్సుబాసా పసివాడుగా ఉన్నప్పుడు వాహనం ఢీకొనగా, అతడు హత్తుకొని ఉన్న బంతే దెబ్బను భరించి అతని ప్రాణం నిలిపింది. అప్పటినుండి బంతి అతనికి ఆటవస్తువు కాదు, నేస్తం. పదకొండేళ్ల ప్రాయంలో తల్లితో కలిసి నన్‌కత్సు అనే కల్పిత పట్టణానికి వస్తాడు. తండ్రి ఓడ కెప్టెన్. ఇంటికి చుట్టపు చూపుగా వచ్చి పోతుంటాడు. కంటి జబ్బు వలన ఆటకు దూరమైన రొబెర్తో అనే బ్రెజిలు క్రీడాకారుడు వారింట బస చేసి బాలునికి గురువవుతాడు. జాతీయ పోటీలో గెలిచిన పిమ్మట తనను బ్రెజిలు తీసుకొనిపోతాడని శిష్యుడు ఆశపడతాడు. గురువు మాత్రం చెప్పాపెట్టకుండా ఒంటరిగా వెళ్లిపోతాడు. ఆటను గురించి తాను వ్రాసిన ఒక నోటు పుస్తకాన్ని మాత్రం వదలిపోతాడు. గెలుపు వెంటనే ఈ దెబ్బ! బాలల కథలో ఇంత కఠినమైన ఘట్టం అరుదు.

ప్రత్యర్థులను తీర్చిన తీరు మరింత మెచ్చదగినది. హ్యూగా కోజిరో తండ్రిని పోగొట్టుకొన్నవాడు. తల్లికి, చిన్నవారికి ఆసరాగా చిన్నతనంలోనే పనులు చేస్తాడు. కనుకనే అతని ఆటలో కసి ఉంది. మిసాకి అనే మిత్రుడు చిత్రకారుడైన తండ్రి వెంట ఊరూరా తిరిగేవాడు. ఏ బడిలోను నాలుగు నాళ్లు నిలువడు. మిసుగి అనేవాడు అపూర్వ ప్రతిభావంతుడు, కాని హృద్రోగి. మైదానంలో కొద్ది నిమిషాలకు మించి నిలువరాదు. ఆ రహస్యం పోటీకి ముందే తెలిసిన త్సుబాసాకు కాళ్లు ఆడవు. తాను గెలవడం ధర్మమా అని ఆటమధ్యలో అతడు పడే మథనాన్ని మేము ఇప్పటికీ ఈ ధారావాహికలోని ఉత్తమ ఘట్టంగా ఎంచుతాము.

తండ్రి సముద్రంపై ఉన్న బాలుడు ఒకడు, తండ్రి గతించినవాడు ఒకడు, తండ్రే తప్ప ఇల్లంటూ లేనివాడు మరొకడు. తండ్రి గల్ఫ్‌లో ఉండగా మన జిల్లాలలో పెరిగిన పిల్లలకు ఈ కథలోని పట్టును వివరించి చెప్పనక్కరలేదు. వారిలో ఎందరో సెలవుపై వచ్చే తండ్రిని త్సుబాసా వలెనే గుమ్మంలో నిలబడి చూసినవారు.

నవ్వు పుట్టించే సంగతులూ లేకపోలేదు. అసలు మైదానం పొడవు సుమారు 105 మీటర్లు. ఈ కథలో పిల్లలు పరుగెత్తుతూనే ఉంటారు, గోలు మాత్రం క్షితిజరేఖకు ఆవలినుండి మెల్లమెల్లగా పైకి లేస్తుంది! గాలిలోకి లేచిన ఆటగాడు కిందికి దిగేలోగా తన గతమంతా తలపోసుకొంటాడు. ఒక్క పోటీ ఎన్నో భాగాలు సాగుతుంది. పోనుపోను బంతికి లేని మహిమలు అంటగట్టిన తరువాతి భాగాలు మాకు రుచింపవు. తొలి కథలోని పేదరికం, స్నేహం ముందు అవి వెలవెలపోతాయి.

ఈ కథ పుట్టిన నాటి జపానులో ఫుట్‌బాల్ రాజ్యమేలుతున్న ఆట కాదు. 1968 మెక్సికో ఒలింపిక్ క్రీడలలో కాంస్య పతకం వచ్చిన మాట నిజమే. కాని బాలుర మనసు బేస్‌బాల్‌పైననే ఉండేది. వృత్తి క్రీడాకారుల లీగు అక్కడ ఆరంభమైనది 1993లో. ఆ దేశం ప్రపంచ కప్పు పోటీలలో తొలిసారి ఆడినది 1998లో. ఆ మార్పునంతా ఒక కథకు కట్టబెట్టడం అతిశయోక్తి కావచ్చు. అయినా ఆ తరం ఆటగాళ్లలో ఈ కథను చదివి బంతి పట్టినవారు కొల్లలు. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో ఇదే జపానును మన దేశపు జట్టు 2-0తో ఓడించి, తుదకు స్వర్ణపతకం గెలిచింది. ఆ జట్టు శిక్షకుడు మన హైదరాబాదు వాడు, ఒకప్పటి ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1963లో కన్నుమూశాడు. ఆయన కథ ‘మైదాన్’ పేరుతో హిందీ చిత్రంగా వచ్చినది 2024లో. జపానుకు లేని విజయాలకు ముందే కథ దొరికింది. మనకు విజయాలు దక్కిన అరువదేళ్లకు గాని కథ దొరకలేదు.

ఇక అరబ్బీ రూపం. పేర్లు మారిన వైనం చూడండి. త్సుబాసా అనగా రెక్క. ఓజోరా అనగా మహాకాశం. ‘మహాకాశంలోని రెక్క’ అనే కవితాత్మకమైన పేరు పోయి మాజిద్ వచ్చింది. ఘనుడు, మహిమ గలవాడు అని దాని అర్థం. మన ఇళ్లలో వినిపించే అబ్దుల్ మజీద్ అనే పేరులోని ధాతువే ఇది. గోల్‌కీపరు వకాబయాషి వలీద్ అయినాడు. మిసాకి యాసీన్ అయినాడు. ఎన్నడూ ముఖం విప్పని, కనుబొమలు ముడిచి ఉండే హ్యూగాకు పెట్టిన పేరు బస్సామ్, అనగా చిరునవ్వులవాడు! అనువాదకుడు పరధ్యానంగా పెట్టెనో, కొంటెగా పెట్టెనో గాని మాకు ఈ పేరు తలచుకొన్నప్పుడల్లా నవ్వు వస్తుంది.

అన్నింటికన్న గమనింపదగినది ఆ పిల్లల భాష. వారు వీధి అరబ్బీ మాట్లాడరు. ఫుస్‌హా, అనగా వ్యాకరణబద్ధమైన గ్రంథభాష మాట్లాడతారు. కైరో, బాగ్దాదు, రియాదు, కాసాబ్లాంకా పట్టణాలలో ఇంట మాట్లాడుకొనే అరబ్బీలు ఒకదానికొకటి ఎంతో దూరం. ఒక దేశపు మాండలికంలో మాట్లాడించినట్లయితే ఇంకొక దేశపు పిల్లవానికి మాజిద్ పరాయివాడయ్యేవాడు. 1979లో కువైటులో తయారైన ‘ఇఫ్తహ్ యా సిమ్‌సిమ్’ అనే బాలల కార్యక్రమం కూడా ఈ కారణంగానే ఫుస్‌హాను ఎన్నుకొంది. 1992లో డమాస్కస్‌లో వెలసిన వీనస్ సెంటర్ వంటి సంస్థలు ఈ పద్ధతినే ఒక కళగా పెంచినవి. 2000లో ఆరంభమైన స్పేస్‌టూన్ ప్రసారాలు దానిని ఇంటింటికి చేర్చినవి. వ్యాకరణ గ్రంథం తెరవకముందే విభక్తుల మ్రోత పిల్లల చెవికెక్కింది. బంతి వెంట పరుగెత్తుతూ “ఓ మిత్రమా, నేను నిన్ను తప్పక జయించెదను” అన్నట్లు పలికే బాలుని ఊహించుకొనండి. ఫుస్‌హా చెవికి అట్లే ఉంటుంది.

మా బాల్యంలో కొన్నేళ్లు గల్ఫ్‌లో గడిచినవి. ఇంట దక్కనీ ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, సాయంత్రం టెలివిజన్‌లో మాజిద్ అరబ్బీ. తెలుగు చదువు స్వదేశానికి తిరిగి వచ్చిన తరువాతనే మాకు అబ్బింది. పాఠశాలలో తొలిసారి ప్రాచీన పద్యమూ గ్రాంథిక వచనమూ విన్నప్పుడు తోడి పిల్లలు, తెలుగే మాతృభాషగా గలవారు సైతం, బెదరిపోయినారు. మాకు మాత్రం ఆ అనుభవం కొత్తగా తోచలేదు. ఎవరి ఇంటా మాట్లాడని భాష, అయినా అందరికీ చెందిన భాష ఒకటి ఉంటుందని మాజిద్ మాకు ముందే చెప్పి ఉన్నాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికం కొరకు సాగించిన ఉద్యమం న్యాయమైనదే. నేడు మేము పాఠం చెప్పే భాష ఆ ఉద్యమ ఫలమే. అయితే గ్రంథభాష పిల్లలకు ఎక్కదనే మాటను మేము పూర్తిగా నమ్మలేము. ఎక్కించే కథ ఉన్నచోట అది ఎక్కుతుంది. లక్షల అరబ్బు పిల్లలకు ఎక్కింది.

ఈ కథ ఆటకు బయట కూడా పనికివచ్చింది. 2004లో జపాను సైనికులు పునర్నిర్మాణ పనులకై ఇరాకులోని సమావా పట్టణంలో విడిసినప్పుడు, జపాను ప్రభుత్వం అక్కడ ఇచ్చిన 26 నీటి ట్యాంకరు బండ్లపై ఈ బాలుని బొమ్మలు అంటించారు. సైనికుని చూసి జంకేవారు కూడా మాజిద్‌ను గుర్తుపడతారని వారి ఎత్తు. 2011 తరువాత సిరియాలో యుద్ధం ముదిరి, మాజిద్‌కు మాటలు నేర్పిన దేశపు పిల్లలే దేశాలు పట్టి పోయినారు. డమాస్కస్ నుండి టోక్యోకు చదువుకు వచ్చిన ఒక సిరియా విద్యార్థి మూలకథను జపాను భాష నుండి అరబ్బీలోకి అనువదించాడు. 2017 ప్రాంతంలో అచ్చయిన ఆ పుస్తకాలలో కొన్నింటిని ఐరోపాలో తలదాచుకొన్న శరణార్థి బాలలకు ఉచితంగా పంచారు. గుడారంలోనో శిబిరంలోనో కూర్చున్న పిల్లవానికి ఆ పుస్తకంలో దొరికినది ఫుట్‌బాల్ ఒక్కటేనా? బహుశా తన ఇంటి ముందుగది కూడా దొరికి ఉండవచ్చు.

స్పెయిన్‌కు ప్రపంచ కప్పు తెచ్చిన జట్టులోని ఫెర్నాండో తొర్రెస్ ఈ కథ చూసియే తాను బంతి పట్టినట్లు చెప్పుకొన్నాడు. కత్సుషికాలో 2013 నుండి త్సుబాసా కంచు విగ్రహాలు వీధులలో నిలిచి ఉన్నవి. తకాహాషి మాత్రం వయసూ అనారోగ్యమూ మీద పడగా 2024 ఏప్రిలులో పత్రికకు బొమ్మలు గీయడం మానుకొన్నాడు. మిగిలిన కథను చిత్తు రేఖలతోనైనా చెప్పి ముగిస్తానన్నాడు. నలుబదేళ్లు దాటినా త్సుబాసా కలగన్న ఆ పెద్దల ప్రపంచ కప్పు అతని చేతికి ఇంకా అందలేదు. ఆట సాగుతూనే ఉన్నది.